నా పొత్తు ముప్పై ఒకటి

నూటికి ముప్పై ఒకటి! పదో తరగతి లెక్కల పరీక్షలో కూడా నాకు అంత తక్కువ రాలేదు. ఆ అంకె గాజుతెర మీద ఎర్రగా వెలుగుతోంది, దాని పక్కనే ‘భ్రమరాంబ’ అని నా పేరు. పైగా ఆ యంత్రాన్ని చేసింది ఎవరో పరాయివాడు కాదు, నా మెళ్లో తాళి కట్టిన కామేశం. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

కోపం వచ్చిందా అంటే వచ్చింది. కానీ కోపం కంటే ముందు ఒళ్లు జలదరించింది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషుల మధ్య ఉండే దాన్ని, చేత్తో ముట్టుకోలేని దాన్ని, ఒక అంకెగా కళ్లతో చూస్తున్నాను. ఆయన గాజు గోడ అవతల నిలబడి, జుట్టంతా రేగిపోయి, చిన్నపిల్లాడిలా రెండు చేతులూ ఊపుతున్నాడు. తిట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను.

నేను రాజమహేంద్రవరంలో ‘ఊరట’ అనే కేంద్రంలో పనిచేస్తాను. మనసు బాగోలేని వాళ్లు వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పుకుంటారు. నేను వింటాను, అడుగుతాను, అవసరమైతే గట్టిగా అడుగుతాను. మా వృత్తిలో అందరూ ఒప్పుకునే మాట ఒకటుంది. ఏ పద్ధతిలో వైద్యం చేశారన్నది తర్వాత, ముందు చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య పొత్తు కుదరాలి. ఇద్దరూ కలిసి దేనికోసం పనిచేస్తున్నారో ఇద్దరికీ తెలియాలి, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండాలి. అది కుదిరితే మనిషి బాగుపడతాడు, కుదరకపోతే ఎన్ని పుస్తకాలు చదివిన డాక్టరైనా చేసేదేం లేదు.

మరి కుదిరిందో లేదో తెలిసేదెలా? ఇదివరకు ప్రశ్నలు అచ్చువేసిన కాగితం ఇచ్చేవాళ్లం. ‘మీ కౌన్సెలర్ మిమ్మల్ని అర్థం చేసుకుంటున్నారా?’ అని అడిగితే మా గోదావరి జిల్లాల వాళ్లు ఏం రాస్తారు? ‘చాలా బాగా’ అని టిక్కు పెట్టి, పైగా ‘మేడంగారు దేవతండి’ అని కింద రాసి, మర్నాటి నుంచి రావడం మానేస్తారు. ఆ కాగితాలన్నీ చూసి చూసి విసుగెత్తి, ఒకరోజు ఇంట్లో కామేశం ముందు వాటిని విసిరికొట్టాను.

ఆయన ఎలక్ట్రానిక్స్ మనిషి. ఆసుపత్రులకు నాడి చూసే యంత్రాలు చేసిపెడతాడు. ఆ కాగితాలు ఏరుతూ ఏరుతూ ఆగిపోయాడు.

“భ్రమరా, మనుషులు మొహమాటపడతారు. రక్తానికి మొహమాటం ఉండదు కదా!”

అంతే, ఆ మాట పట్టుకుని ఏళ్ల తరబడి తిండీ నిద్రా లేకుండా తిరిగాడు. చివరికి రెండు ఉంగరాలు చేశాడు. ఒకటి చెప్పేవాడి వేలికి, ఒకటి వినేవాడి వేలికి. నాడి, చెమట ఉంగరం చూస్తుంది. ఊపిరి, గొంతు బల్ల మీది డబ్బా వింటుంది. మనసులు కలిసిన ఇద్దరి ఊపిరి తెలియకుండానే ఒక నడకలో పడుతుందట. ఆ నడక ఎంత దగ్గరగా ఉంటే పొత్తు అంత ఎక్కువ. దానికి ‘పొత్తు యంత్రం’ అని పేరు పెట్టింది నేనే. పేరుపెట్టిన పాపానికి మొట్టమొదటి తక్కువ అంకె నాకే వచ్చింది!

ఆరోజు నా ఎదురుగా కూర్చున్నది నూకరాజు. రైలింజను డ్రైవరు. ఒక వేసవి మధ్యాహ్నం ఆయన బండికి ఎదురుగా పట్టాల మీదకి ఒక ముసలమ్మ వచ్చింది. హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. వెయ్యగానే ఆగడానికి అదేమైనా సైకిలా? విచారణలో ఆయన తప్పు ఇసుమంత కూడా లేదని తేల్చారు. తేల్చారు సరే, ఆయన కాలు మాత్రం మళ్లీ ఇంజను మెట్టు ఎక్కనంది. మనసు కుదుటపడిందని మా కేంద్రం సర్టిఫికెట్ ఇస్తేనే మళ్లీ బండి చేతికిస్తామని పైవాళ్లు పంపారు.

వచ్చిన కొత్తలో ఆయన్ని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

“నిద్ర పడుతోందా నూకరాజుగారూ?”

“ఆయ్, బాగా పడతందండి.”

కళ్లు చూస్తే పండుమిరపకాయలు!

“తింటున్నారా?”

“ఆయ్. మీ దయ వల్లనండి.”

“నూకరాజుగారూ, నా దయతో మీరు అన్నం తినక్కర్లేదు. నన్ను సంతోషపెట్టడం మీ పని కాదు. ఆ ‘ఆయ్’ గుమ్మం బయట విడిచిరండి, చెప్పుల పక్కన.”

“మరేటండి, మీ మొగం మీదే కాదనెయ్యమంటారా?”

“అనండి!”

లేచి విసురుగా వెళ్లిపోయాడు. ఇంక రాడనుకున్నాను. పై వారం వచ్చి, కూర్చుని, నేల చూస్తూ, “పట్టట్లేదండి నిద్ర” అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పటినుంచి మా ఇద్దరిదీ అదే వరస. ఒకరోజు గొడవ, ఒకరోజు మాట. ఒకసారి నేను తొందరపడి ఏదో అంటే ఆయనే నాకు గడ్డిపెట్టాడు, “మీరు నా మాట పూర్తిగా ఇనలేదండి” అని. నిజమే, వినలేదు. ఒప్పుకున్నాను. ఆ రోజు ఇంకొంచెం ఎక్కువ చెప్పాడు.

ఇదిగో, ఇంత చేస్తే యంత్రం మాకిచ్చింది ముప్పై ఒకటి. తర్వాతి వారం ఇరవై ఏడు.

మా డైరెక్టర్ ముక్తేశ్వరరావుగారికి మాత్రం ఆ యంత్రం దేవుడిచ్చిన వరం. ఆయన మంచివాడే, కానీ అంకె కనిపిస్తే మనిషి కనిపించడు. వారం తిరక్కుండా ప్రతి గది తలుపు మీదా ఆ గది కౌన్సెలర్ అంకె వెలిగేలా చేయించాడు. వరసగా మూడుసార్లు తొంభై దాటితే మనిషి కుదుటపడినట్టేనని నియమం పెట్టాడు. కామేశం పొంగిపోయాడు. నేను మాత్రం నా తలుపు దగ్గర తలవంచుకుని లోపలికి వెళ్లేదాన్ని.

ఇక మావాళ్ల సంగతి చూడాలి! అంకె తలుపు మీద పడ్డాక అందరి నోళ్లలోంచీ తేనె కారడం మొదలైంది. కష్టమైన ప్రశ్న అడిగితే అంకె పడిపోతుంది, కాబట్టి అడగడం మానేశారు. తండ్రి చనిపోయిన పిల్లతో సినిమాల గురించి మాట్లాడి ఎనభై ఎనిమిది తెచ్చుకున్నాడొకాయన. వచ్చినవాళ్లు నవ్వుతూ వస్తున్నారు, నవ్వుతూ పోతున్నారు. పెళ్లివారి విడిదిలా తయారైంది మా కేంద్రం.

అందరికంటే పై అంకె హేమనళినిది. నాకంటే పదేళ్లు చిన్నది, మెత్తటి మనిషి, గొంతు కూడా వెన్నపూస. కల్లాకపటం లేని పిల్ల, నిజంగానే అందరి మీదా ప్రేమ. ఆమె తలుపు మీద తొంభై నాలుగు. డైరెక్టర్‌గారు నన్ను పిలిచి, “భ్రమరాంబగారూ, నూకరాజుని హేమగారికి అప్పగించేద్దాం, మీతో పాపం ఆయనకి పడుతున్నట్టు లేదు” అన్నారు.

పోట్లాడాల్సింది. ఉడుకుమోత్తనం అడ్డొచ్చింది. “తీసుకుపోండి మహాప్రభో” అనేసి వచ్చేశాను. మర్నాడు వసారాలో నూకరాజు ఎదురై నమస్కారం పెట్టి, ఏదో అడగబోయాడు. నేను ఫోను చూసుకుంటూ దాటుకుపోయాను.

హేమ దగ్గర నూకరాజుకి మొదటి రోజే తొంభై ఒకటి! తర్వాత తొంభై నాలుగు, మళ్లీ తొంభై నాలుగు. డైరెక్టర్‌గారు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేశారు. సోమవారం మధ్యాహ్నం బండి. పద్దెనిమిది పెట్టెల ప్యాసింజరు, నూకరాజు చేతిలో.

నాకు లోపల ఏదో పీకుతూనే ఉంది. అసూయేమోలే అని నోరు మూసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం ధవళేశ్వరంలో మా అమ్మ దగ్గర భోజనం. కామేశం యంత్రాన్ని కూడా సంచిలో వేసుకొచ్చాడు. “అత్తయ్యగారికి చూపిద్దాం, సరదాగా ఉంటుంది” అని. అమ్మ వేలికి ఒక ఉంగరం, ఆయన వేలికి ఒకటి. అరిటాకు ముందు కూర్చున్నాడు. అమ్మ పనసపొట్టు కూర వడ్డించింది, ఆవ దట్టించి, ముక్కు అదిరిపోయేలా.

“ఎలా ఉంది నాయనా?”

“అమృతం అత్తయ్యగారూ!”

“అయితే ఇంకో గరిటె.”

“అబ్బే, చాలండి... సరే, మీ చేత్తో వేస్తే కాదంటానా.”

ఇంకో గరిటె. ఆ పైన ఇంకోటి. అమ్మ నవ్వితే ఆయన నవ్వాడు. అమ్మ నిట్టూరిస్తే ఆయన నిట్టూర్చాడు. డబ్బా మీద అంకె ఎక్కుతోంది. ఎనభై. తొంభై. తొంభై ఏడు! అమ్మ ఆనందం చూడాలి. “చూశావటే, నా అల్లుడికీ నాకూ ఎంత పొత్తో! నీకూ నాకూ పెట్టి చూడు, గుండుసున్నా వస్తుంది” అంది.

తిరుగుప్రయాణంలో కారు బొమ్మూరు దగ్గరకొచ్చేసరికి కామేశం కారాపి, తలుపు తీసుకుని దిగి, చెట్టుకింద వంగాడు. తిన్నదంతా బయటికొచ్చింది. మొహం మీద దద్దుర్లు. నేను హడలిపోయి నీళ్లిచ్చాను.

“ఏమైందండీ?”

“నాకు... ఆవ పడదు భ్రమరా.”

“ఎప్పటినుంచి?”

“పుట్టినప్పటినుంచి.”

“మరి పెళ్లై ఇన్నేళ్లుగా మా అమ్మ చేతి ఆవకూర తింటున్నారేం?”

“ఆవిడ అంత ప్రేమగా పెడుతుంటే ఎలా కాదంటాను? ఇంటికెళ్లి మాత్ర వేసుకుంటా. ఇవాళ మాత్ర మర్చిపోయా.”

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఒళ్లంతా విద్యుత్తు పాకినట్టైంది.

“ఏవండీ! మీ కడుపులో అలా తిప్పుతుంటే, పైకి తొంభై ఏడెలా వచ్చింది?”

ఆయన నోరు తుడుచుకుంటూ నావైపు చూశాడు. చేతిలో నీళ్ల సీసా అలాగే ఉండిపోయింది.

“ఎందుకంటే... నేను ఆవిడ మొహమే చూస్తూ కూర్చుంటా. ఆవిడ నవ్వితే నవ్వుతా. ఆవిడ ఊపిరి తీసుకునేదాకా ఆగి అప్పుడు మాట్లాడతా. ఎక్కడ నొచ్చుకుంటుందోనని.”

“మీ ఊపిరి ఆవిడ ఊపిరి వెనకాల నడుస్తోందన్నమాట! మీ రక్తం కూడా మొహమాటపడుతోంది మహానుభావా!”

“అయ్య బాబోయ్” అన్నాడాయన.

“అసలు దీనికి పొత్తంటే ఏమిటో ఎవర్ని చూపించి నేర్పారు మీరు?”

ఆయన గొంతు తగ్గించాడు. “ఊళ్లో బాగా కలిసిపోయారని పేరున్న వాళ్లని పట్టుకొచ్చా. అత్తా అల్లుళ్లు. గురువులూ శిష్యులూ. వియ్యంకులు.”

“వియ్యంకులా!” నా కేకకి పక్కన మేస్తున్న గేదె తలెత్తి చూసింది. “హవ్వ! లోకంలో ఇంకెవరూ దొరకలేదా? మా నాన్నా మీ నాన్నా ‘మీరు ముందు, కాదు మీరు ముందు’ అనుకుంటూ గుమ్మంలోనే అరగంట నిలబడ్డ మనుషులు! మొహమాటానికి పోతే కడుపొచ్చిందట! మీ యంత్రం కొలుస్తున్నది పొత్తు కాదండీ, మర్యాద!”

ఆయన అక్కడే రోడ్డు పక్క కూలబడ్డాడు. ఏళ్ల కష్టం. నాకు జాలేసింది, పక్కన కూర్చున్నాను. కానీ ఆ మనిషి బాధపడింది ఎంతసేపనుకున్నారు? దద్దుర్లు గోక్కుంటూనే ఒక్కసారిగా లేచాడు.

“ఊపిర్ల రికార్డులన్నీ దాచే ఉన్నాయి భ్రమరా! అంకె తప్పు, కానీ గీతలు అబద్ధం చెప్పవు. ఎవరి వెనకాల ఎవరు నడుస్తున్నారో అందులోనే ఉంటుంది. పద పద పద!”

కారు ఎలా తోలుకొచ్చామో నాకు గుర్తులేదు. కేంద్రానికి చేరేసరికి నా చెప్పు ఒకటి కార్లోనే ఉండిపోయింది. ఆయన తెర మీద హేమ, నూకరాజుల ఊపిరి గీతలు పరిచాడు. ఎర్రది హేమ, నల్లది నూకరాజు. చూడటానికి ఎంత అందంగా ఉన్నాయో! ఒకదాని పక్కన ఒకటి. కానీ దగ్గరగా చూస్తే నల్లది ప్రతిసారీ కాస్త వెనకే. మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారంటే ఒక్కసారి కూడా నల్లది ముందు, ఎర్రది వెనక లేదు.

“ఇప్పుడు నీది చూద్దాం.”

నా గీతలు చూస్తే సిగ్గేసింది. పిచ్చిగీతలు! విడిపోతున్నాయి, ఒకటి ఎగిరిపడుతోంది, ఒకటి కుంగిపోతోంది. ఆ మీదట నెమ్మదిగా దగ్గరకొస్తున్నాయి. దగ్గరకొచ్చాక మాత్రం కాసేపు నల్లది ముందు, కాసేపు నాది ముందు. ఒకే రోట్లో ఇద్దరాడవాళ్లు దంచుతున్నట్టు, ఒకరు ఎత్తితే ఒకరు దించుతున్నారు.

“తెగుతోంది, అతుకుతోంది” అన్నాడు కామేశం. “తెగిన ప్రతిసారీ, అతికాక ఇంకొంచెం ఎక్కువసేపు నిలబడుతోంది. చూడు, ఇక్కడ, ఇక్కడ కూడా. అంకె కొలవాల్సింది ఎత్తు కాదు, ఈ అతుకుని! భ్రమరా, నీ దగ్గర ఆయన బాగుపడుతున్నాడు!”

నేను ఏడ్చేశాను. ఆనందంతో, కోపంతో, భయంతో. సోమవారం బండి.

ఆదివారం హేమకి ఫోను చేసి పిలిపించాం. గీతలు చూసి ఆ పిల్ల నల్లదాని వెంట చివరిదాకా వేలు పోనిచ్చింది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది.

“అక్కా, నా దగ్గర బాగుపడి వెళ్లిన వాళ్లందరూ ఇలాగేనా? నన్ను నొప్పించకూడదని వెళ్లిపోయారా?”

కామేశం తల దించుకున్నాడు. యంత్రం చేసిన నష్టం అప్పుడు తెలిసింది మాకు. నవ్వుతూ గుమ్మం దాటిపోయిన మనుషులు ఎందరో, ఇళ్లలో ఎలా ఉన్నారో, ఎవరికీ తెలియదు. హేమ కళ్లు తుడుచుకుని, “వాళ్లందరికీ నేనే ఫోన్లు చేస్తాను. ముందు నూకరాజుగారి సంగతి చూడండి” అంది. నేను చెప్పానుగా, బంగారం లాంటి పిల్ల.

నూకరాజుకి ఫోను చేస్తే, “అంతా బాగుందండి, రేపు బండెక్కుతున్నానండి, అందరి ఆశీర్వాదం” అన్నాడు. సోమవారం పొద్దున్న ఒక్కసారి కేంద్రానికొచ్చి వెళ్లమన్నాను. ‘ఆయ్’ అన్నాడు. అదే మొహమాటం, ఈసారి నాకు కలిసొచ్చింది.

డైరెక్టర్‌గారితో పొద్దున్నే పెద్ద యుద్ధం. “తొంభై నాలుగు వచ్చిన మనిషిని ఇరవై ఏడు వచ్చిన మీరు పరీక్షిస్తారా? సర్టిఫికెట్ ఇచ్చేశాం. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే కేంద్రం పరువేం కావాలి?” అన్నారు.

“పద్దెనిమిది పెట్టెల జనం ఏం కావాలండీ?” అన్నాను. నా గొంతు వీధిలోకి వినబడి ఉంటుంది. చివరికి ఒక్క గంటకి ఒప్పుకున్నారు. సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని గాజు గోడ అవతల కామేశం పక్కనే నిలబడ్డారు.

నూకరాజు ఇస్త్రీ యూనిఫాంలో వచ్చాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. ఉంగరాలు పెట్టుకున్నాం.

“బండి నడపగలరా నూకరాజుగారూ?”

“ఆయ్. నడపగలనండి.”

గాజు మీద అంకె ఎనభై మూడు. డైరెక్టర్‌గారు తల ఊపడం నాకు కనిపిస్తోంది.

“నన్ను సంతోషపెట్టడానికి చెప్తున్నారా?”

“లేదండి. అందరూ బాగా సూసుకున్నారండి. హేమమ్మగారు కాఫీ కూడా ఇచ్చేవారండి.”

“నేను ఇవ్వలేదు కదా కాఫీ.”

ఆయన దవడ బిగిసింది. అదీ, కనిపించింది! నేను ముందుకు వంగాను.

“నూకరాజుగారూ, నా మీద కోపంగా ఉందా?”

“అబ్బే, నాకేటి కోపమండి.”

“ఉండాలి. ఎందుకుండదు? చెప్పండి.”

చాలాసేపు బల్ల వైపే చూశాడు. ఆ పైన తలెత్తాడు.

“నన్ను అవతలకి తోసేసారు మీరు! ఏదో అంకె తక్కువొచ్చిందంట, నన్ను ఇంకో గదిలోకి పొమ్మన్నారు. అడిగారా నన్ను? ఎల్తావా, ఉంటావా అని ఒక్క మాట? వసారాలో దణ్ణం పెడితే ఫోను సూసుకుంటా ఎల్లిపోయారు! నిద్ర పట్టట్లేదని మీ దగ్గర సెప్పానండి నేను. మా ఆవిడకి కూడా సెప్పలేదు. మీకు సెప్పాను!”

అరుస్తున్నాడు. అంకె నలభై. ఇరవై. పదహారు. కానీ నాకు లోపల ఎక్కడో ఆనందం పొంగుతోంది, ఈ మనిషి నిజం చెబుతున్నాడని.

“తప్పు నాదే” అన్నాను. “నాకు తక్కువ అంకె వచ్చిందని రోషం వచ్చింది. మీకోసం పోట్లాడాల్సింది, పోట్లాడలేదు. మిమ్మల్ని చూస్తే సిగ్గేసి, తప్పుకుని పోయాను. మీరు కోప్పడటంలో న్యాయం ఉంది.”

ఆయన ఊపిరి ఎగశ్వాసగా ఉంది. నేనూ అలాగే ఉన్నాను. తర్వాత ఆయన గొంతు మారింది.

“పోయిన బుధవారం రెండో డ్రైవరుగా పంపారండి, అలవాటు పడతానని. మలుపొచ్చింది. పట్టాలు కనపడగానే నా కళ్లు మూసుకుపోయాయండి. నేను మూయలేదండి, అయ్యే మూసుకుపోయాయి. ఆ ముసలమ్మ తలమీద కొంగు లాక్కుని నా ఏపు తిరిగి సూసిందండి ఆరోజు. ఆ సూపు... ఎంత తెరుద్దామన్నా తెరుచుకోవండి. మొదటి డ్రైవరు సాంబయ్యే మలుపు దాటించాడు. ఎవరికీ సెప్పొద్దని ఆడి కాళ్లు పట్టుకున్నాను.”

“హేమకి ఎందుకు చెప్పలేదు?”

“ఎలా సెప్పనండి? మీరెంత మెరుగయ్యారండీ అని ఆవిడ అంత సంతోషంగా అంటా ఉంటే, కాలేదండీ అని ఆవిడ మొగం మీద ఎలా అనను? మర్నాడే ఇంటింటికీ మిఠాయిలు పంచేశారు మావోళ్లు. డైరెక్టరుగారు సెయ్యి కలిపారు. అందరూ ఇంత మంచిగా ఉంటే, బండెక్కనని ఎవరికి సెప్పను?”

“నాకు చెప్పండి. నా మొహం మీద చెప్పండి.”

అంకె తొమ్మిది. ఆయన లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

“ఎక్కనండీ! నేను బండెక్కను! ఎవరు సెప్పినా ఎక్కను! మీరు సెప్పినా ఎక్కను!”

ఆ మాట అన్నాక ఆయన కళ్లమ్మట నీళ్లు దూకాయి. నాకూ అంతే. గాజు అవతల కామేశం అంకె వైపు చూడటం లేదు, గీతల మీద వంగిపోయి, నోరు తెరుచుకుని, తల బాదుకుంటూ నవ్వుతున్నాడు. పిచ్చి మనిషి.

నూకరాజు ఉంగరం తీసి బల్ల మీద పెట్టి, మొహం తుడుచుకుని, తలుపు తీసుకుని బయటికెళ్లాడు. నేను వెనకాలే పరిగెత్తాను. డైరెక్టర్‌గారు వసారాలో అడ్డంగా నిలబడి ఉన్నారు. అంకె తప్ప ఇంకేమీ వినలేదో, విని కూడా నమ్మలేకపోయారో, సర్టిఫికెట్ ముందుకు చాపి కంగారుగా అన్నారు.

“తొమ్మిదండీ! తొమ్మిది! చూశారా నూకరాజుగారూ, ఆవిడతో మీకు బొత్తిగా పడదు. నేను ముందే చెప్పాను.”

నూకరాజు ఆ కాగితం అందుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి, మర్యాదగా, రెండు చేతులతో డైరెక్టర్‌గారి జేబులోనే పెట్టేశాడు.

“పడదండి. ఆవిడకీ నాకూ ఒక్క పూట పడదండి” అన్నాడు. “మంగళారం పొద్దున్న ఆవిడ దగ్గరే నా పేరు రాయండి. ఇంకెవరి దగ్గరకీ ఎల్లను.”